ప్రయోగాత్మక సినిమాలో కన్నును చదవడం ఎలా?

ప్రయోగాత్మక సినిమాలో తెర నిండా కన్ను కనిపించగానే అది ఆత్మకో, నిఘాకో ప్రతీక అని తేల్చేయాలనిపిస్తుంది. ఆ తొందరను ఆపుకుని, ముందుగా ఆ కన్ను ఏ స్థితిలో ఉందో చూడండి: చూస్తోందా, మూసుకుందా, గాయపడుతోందా?

తరువాత దానికి ముందూ వెనుకా ఉన్న షాట్లను గమనించాలి. లూయీ బున్యుయెల్, సాల్వడార్ డాలీ కలిసి రాయగా బున్యుయెల్ దర్శకత్వంలో 1929లో వచ్చిన 'అన్ షియాన్ అందలూ' ప్రారంభం ఇందుకు మంచి పాఠం. మంగలికత్తి నూరిన మనిషి బాల్కనీలోకి వచ్చి తలెత్తి చూస్తాడు. సన్నని మబ్బు చంద్రుడి వైపు జరుగుతుంది. ఒక స్త్రీ కనురెప్పలను వేళ్లు విడదీసి పట్టుకుంటాయి. మబ్బు చంద్రుణ్ని అడ్డంగా దాటుతుంది. వెంటనే కత్తి కన్నును కోస్తుంది. నిజానికి కోసింది చచ్చిన దూడ కన్నును. శబ్దం ఆపేసి, ఈ వరుసను షాటు తరువాత షాటుగా మళ్లీ చూడండి. చంద్రబింబమూ కనుగుడ్డూ గుండ్రన, మబ్బూ కత్తీ సన్నని గీతలు. మబ్బు దాటిపోవడంతో గండం గడిచిందనుకుని మనసు కుదుటపడే లోపే కోత పడుతుంది. తరువాతి దృశ్యంలో ఆ స్త్రీ కళ్లు చెక్కుచెదరకుండా ఉంటాయి కాబట్టి, ఆ దెబ్బ తగిలింది చూస్తున్న మనకేనని నా అభిప్రాయం.

ఆ చూపు ఎవరిదని కూడా అడగాలి. అదే ఏడాది వచ్చిన 'మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా'లో జిగా వెర్తోవ్ కెమెరా కటకంలో మనిషి కన్నును కలిపి చూపించాడు. యంత్రం మనిషికన్నా బాగా చూడగలదని ఆయన గట్టిగా నమ్మాడు.

చివరిగా కాలాన్ని లెక్కించండి. క్రిస్ మార్కర్ 1962లో దాదాపు పూర్తిగా నిశ్చల చిత్రాలతో కూర్చిన 'లా జెతే'లో, నిద్రపోతున్న స్త్రీ ముఖం ఫోటోలు ఒకదానిలో ఒకటి కరుగుతూ, పక్షుల కూతలు పెరుగుతూ వస్తాయి. ఉన్నట్టుండి ఆమె కళ్లు తెరిచి రెప్ప వేస్తుంది. సినిమా మొత్తంలో నిజంగా కదిలేది ఆ కొద్ది క్షణాలే. దాన్ని విడిగా చూస్తే మామూలు మేల్కొలుపులా ఉంటుంది, అందుకే ఆ ఘట్టానికి నేరుగా వెళ్లకండి. మొదటి నుంచీ ఆపకుండా చూసి, ఆ రెప్ప కదిలినప్పుడు మీ ఊపిరి ఏమైందో రాసుకోండి.