డ్రిల్ మెషిన్ తిరగట్లేదా? మోటార్ పోయిందని డిసైడ్ అయ్యే ముందు ఇవి చూడండి

డ్రిల్ ఆగిపోతే చాలు, వెంటనే వినపడే మాట "కాయిల్ కాలిపోయింది". చాలాసార్లు కాయిల్‌కి ఏం కాదు, కార్బన్లు (మోటార్‌లో తిరిగే భాగానికి కరెంట్ అందించే చిన్న ముక్కలు) అరిగిపోయి ఉంటాయి, లేదంటే వైరు లోపల ఎక్కడో తెగి ఉంటుంది, మనం మాత్రం మెషిన్ పక్కన పడేసి కొత్తది చూస్తుంటాం. ఇక్కడ చెప్పేది ప్లగ్ పెట్టి వాడే మామూలు 230 వోల్టుల డ్రిల్ గురించి, బ్యాటరీ డ్రిల్ సంగతి వేరే.

అసలు తిరగకపోతే ముందు సాకెట్‌లో కరెంట్ ఉందా లేదా వేరే ఏదైనా పెట్టి చూడండి. ఉంటే, మెషిన్ ఆన్‌లో పెట్టి హ్యాండిల్‌లోకి వైరు వెళ్ళే చోట కొంచెం అటూ ఇటూ కదపండి (పైన తొక్క చిట్లి రాగి కనపడుతుంటే మాత్రం ముట్టుకోవద్దు), అప్పుడు ఆగి ఆగి తిరిగితే వైరు అక్కడే తెగింది, ఎందుకంటే రోజూ మడత పడేది ఆ చోటే. ఆ ముక్క కోసేసి మళ్ళీ కలిపితే సరిపోతుంది. ఇంకోటి, ముందుకీ వెనక్కీ మార్చే లీవర్ మధ్యలో ఇరుక్కుంటే కూడా కొన్ని డ్రిల్స్ తిరగవు, నవ్వుకోకండి, ఇది చాలామందికి జరిగేదే.

విప్పాల్సి వస్తే ప్లగ్ పీకేసి విప్పండి, స్విచ్ ఆపితే చాలు అనుకోవద్దు.

ఇక కార్బన్లు. మోటార్ వెనక వైపు రెండు పక్కలా ఉంటాయి, కొన్నిటికి బయటే మూత ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తిప్పితే వచ్చేస్తుంది, కొన్నిటికి బాడీ మొత్తం విప్పాలి. తట్టినప్పుడో కదిపినప్పుడో మాత్రమే తిరుగుతుంటే అనుమానం ముందు వీటి మీదే పెట్టుకోండి. పొడవు 5, 6 మిల్లీమీటర్లకి వచ్చేసిందంటే రెండూ కలిపి మార్చేయాలి, ఒక్కటే మార్చి ఇంకోటి పాతది ఉంచితే ఉపయోగం లేదు. పాత ముక్క షాపుకి పట్టుకెళ్ళండి, సైజు ఒక్క పిసరు ఎక్కువున్నా హోల్డర్‌లో బిగుసుకుపోతుంది, స్ప్రింగ్ దాన్ని తోయలేదు, మళ్ళీ అదే ప్రాబ్లమ్. కార్బన్ బాగానే ఉన్నా హోల్డర్‌లో సిమెంట్ దుమ్ము పేరుకుని జరగకపోవచ్చు, పైకప్పుకి హోల్స్ వేసే వాళ్ళ మెషిన్లకి ఇది మరీ ఎక్కువ. కొత్తవి వేశాక కాసేపు లోడ్ లేకుండా తిప్పండి, అవి కుదురుకునే దాకా కొంచెం నిప్పురవ్వలు ఎక్కువే వస్తాయి.

చిన్న నీలం రవ్వలు ఎప్పుడూ ఉండేవే, భయపడక్కర్లేదు. కానీ ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే, తీగ చుట్టిన భాగం) చివర రాగి పలకల చుట్టూ రింగులాగా మంట తిరుగుతూ, స్పీడ్ తగ్గి, కాలిన వాసన వస్తుంటే ఆర్మేచర్‌లో షార్ట్ అయినట్టే. మల్టీమీటర్ ఉంటే ఆర్మేచర్ బయటికి తీసి పక్కపక్క పలకల మధ్య ఓమ్స్ రీడింగ్ చూసుకుంటూ పోండి, అన్నీ దాదాపు ఒకేలా ఉండాలి, ఒక్కచోట తేడా కొట్టిందంటే దొరికినట్టే. మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి చూస్తే ఏ పలక నుంచైనా షాఫ్ట్‌కి (మధ్య ఇనుప కడ్డీకి) బీప్ వస్తే ఇన్సులేషన్ పోయింది, అది వాడితే షాక్ కొడుతుంది. పలకలు నల్లబడి మాత్రమే ఉంటే సన్నటి శాండ్‌పేపర్‌తో మెల్లగా రుద్ది, మధ్య గాడుల్లో పొడి తీసేయండి, ఎమెరీ పేపర్ మాత్రం వద్దు, దాని పొడి గాడుల్లో ఇరుక్కుంటే ఇంకో తలనొప్పి.

స్విచ్ దగ్గర ఒక మెలిక ఉంది. స్పీడ్ కంట్రోల్ స్విచ్‌ని మల్టీమీటర్‌తో చూస్తే బాగున్నదే అయినా బీప్ రాకపోవచ్చు, లోపల ఎలక్ట్రానిక్ పార్ట్ ఉంటుంది కాబట్టి, అది చూసి స్విచ్ పోయిందని మార్చేయకండి. వైరూ కార్బన్లూ ఆర్మేచరూ ఫీల్డ్ కాయిలూ (ఆర్మేచర్ చుట్టూ కదలకుండా ఉండే తీగ చుట్ట) అన్నీ ఓకే అని తేలాకే స్విచ్ మార్చండి.

మోటార్ తిరుగుతున్న సౌండ్ వస్తూ చక్ (బిట్ బిగించే మూతి) తిరగకపోతే గేర్ పళ్ళు పోయాయి, గరగర అంటుంటే బేరింగ్ చూడండి.

ఆర్మేచర్ పోయిందని తేలితే ముందు రేటు కనుక్కోండి. చీప్ డ్రిల్‌కి ఆర్మేచర్, కూలీ కలిపితే కొత్త మెషిన్ రేటుకి దగ్గరగా వచ్చేస్తుంది, అప్పుడు కొత్తది కొనడమే నయం, మంచి కంపెనీదైతే మాత్రం ఆర్మేచర్ వేయించడమే కరెక్ట్.