విద్యార్థి ప్రగతిని తల్లిదండ్రులకు వివరించే విధానం

తల్లిదండ్రులను పిలిపించే ముందు ఉపాధ్యాయులు మార్కుల పట్టికతో పాటు విద్యార్థి నోటుపుస్తకాన్ని కూడా దగ్గర ఉంచుకోవాలి. "లెక్కల్లో వెనుకబడ్డాడు, శ్రద్ధ తక్కువ" అని చెబితే, ఇంటికి వెళ్లి పిల్లవాణ్ణి కోప్పడడం తప్ప వారు చేయగలిగేది ఏమీ ఉండదు. 403 నుంచి 178 తీసివేయమంటే 225 రావలసిన చోట 375 వేసిన పేజీని తెరిచి, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తున్నాడని, మధ్యలో సున్నా ఉన్నప్పుడు అప్పు తెచ్చుకోవడం ఇంకా పట్టుబడలేదని చూపిస్తే, సరిచేయవలసింది ఎక్కడో వారికే తెలుస్తుంది. కొన్ని వారాల క్రితం రాసిన పేజీని కూడా పక్కన పెడితే ఎంత మెరుగుపడ్డాడో మాటల అవసరం లేకుండానే కనబడుతుంది.

పరీక్షా ఫలితాలు వచ్చేదాకా ఆగకూడదు. బడి నుంచి ఫోన్ అనగానే ఇంట్లో కంగారుపడే పరిస్థితి రాకుండా, పిల్లవాడు బాగా చేసిన పనిని గురించి కూడా అప్పుడప్పుడు కబురు చేయడం మంచిది.

సమావేశంలో ముందుగా తల్లిదండ్రులనే మాట్లాడనివ్వాలి. హోంవర్కు ఎప్పుడు చేస్తున్నాడు, ఎక్కడ ఆగిపోతున్నాడు అని అడిగితే, బోర్డు సరిగా కనబడడం లేదనో, రాత్రి నిద్ర చాలడం లేదనో, మార్కుల పట్టికలో ఎప్పటికీ దొరకని సంగతులు బయటపడతాయి. తోటి పిల్లలతో పోలిక ఎవరు తెచ్చినా, దాన్ని మర్యాదగా పక్కన పెట్టి మళ్లీ ఈ విద్యార్థి పుస్తకానికే రావాలి. ఒకరి మార్కుల ప్రస్తావన తరగతి వాట్సాప్ గ్రూపులో ఎంతమాత్రం రాకూడదు.

ఇంటివారికి అప్పగించే పని ఒక్కటే ఉండాలి. రోజుకు రెండు లెక్కలు చేయించి, "ఎలా చేశావో నాకు చెప్పు" అని అడగడం అటువంటిది. చదువురాని తల్లి కూడా ఈ పని చేయగలదు. అనుకున్న సంగతిని, మళ్లీ కలిసే తేదీని అదే రోజు రాసి పంపాలి, చదవలేనివారికి వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఆ తేదీన అదే రకం లెక్కలు మళ్లీ ఇచ్చి చూడాలి. మార్పు లేకపోతే లెక్కల సంఖ్య పెంచడం వల్ల ప్రయోజనం ఉండదు కాబట్టి, పుల్లల కట్టలతోనో నాణేలతోనో పదులను విడదీసి చూపుతూ బోధన పద్ధతినే మార్చి, ఆ మార్పును తల్లిదండ్రులకు కూడా చెప్పాలి.