పిస్టల్‌తో రాష్ట్రాలు దాటడం: నేను చేసుకున్న ఏర్పాటు

ఫిలడెల్ఫియా నుంచి న్యూ హాంప్‌షైర్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లాలి. ఈ రెండు చోట్లా నా పిస్టల్‌కి ఇబ్బంది లేదు (నాకు గ్రీన్‌కార్డు ఉంది, హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు రూల్స్ వేరు, ముందు లాయర్‌ని అడగండి). చిక్కంతా దారిలో తగిలే న్యూజెర్సీ, న్యూయార్క్, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాలతోనే. అక్కడి పర్మిట్ లేకుండా పిస్టల్ దొరికితే జైలు దాకా పోతుంది.

ఇలాంటి రాష్ట్రాల గుండా తుపాకీతో దాటేవాళ్లను ఆదుకునేది 1986 నాటి ఫెడరల్ చట్టం (దేశమంతటికీ వర్తించేది). దానికి షరతులున్నాయి. బయల్దేరే చోటా, చేరే చోటా తుపాకీ దగ్గర ఉంచుకునే హక్కు మనకుండాలి. తుపాకీలో తూటా ఉండకూడదు. తుపాకీ గానీ తూటాలు గానీ సీట్లోంచి చేతికందకూడదు. మాది ఎస్‌యూవీ, విడిగా డిక్కీ లేదు. అలాంటప్పుడు తాళం వేసిన పెట్టె తప్పనిసరి, గ్లవ్ బాక్స్ పనికిరాదు. గట్టి ప్లాస్టిక్ కేసు కొని పిస్టల్ అందులో పెట్టి తాళం వేశాను. తూటాలకు ఇంకో ఇనుప పెట్టె, దానికి వేరే తాళం. రెండూ వెనకాల సామాన్ల అడుగున. పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లు (తూటాలు నింపి పిస్టల్‌లో దూర్చే డబ్బాలు) ఇంట్లోనే వదిలేశాను.

అసలు జాగ్రత్త ఆగే దగ్గర. 2005లో విమానం తప్పిపోయి న్యూజెర్సీలోని నెవార్క్‌లో హోటల్‌లో పడుకున్న ప్రయాణికుడిని మర్నాడు ఎయిర్‌పోర్టులో తుపాకీతో పట్టుకున్నారు. రాత్రి తుపాకీ ఉన్న పెట్టె అతని చేతికి అందేలా ఉంది కాబట్టి ఈ చట్టం రక్షణ వర్తించదని 2010లో అప్పీలు కోర్టు చెప్పింది. అందుకే న్యూజెర్సీలోనే ఉన్న ఎడిసన్‌లో పిన్ని వాళ్లు రాత్రికి ఉండిపొమ్మన్నా ఆగలేదు. పెట్రోలు పోయించుకుని నేరుగా వెళ్లిపోయాను.