కాలిఫోర్నియాలో మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఎంత డబ్బు రావాలో లెక్కేసుకోవడం ఎలా

పక్క ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (అక్కడి ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థకి) పిల్లాడికి ఇంతని ఎక్కువ వస్తోందంటే అందులో పక్షపాతమేమీ లేదు, అది 2013లో వచ్చిన ఫార్ములా లెక్క, కాగితం మీద మీరే వేసుకోవచ్చు.

ముందు బేస్ గ్రాంట్ చూడండి, అంటే ఒక్కో పిల్లాడికి ఇచ్చే మూల మొత్తం. అది తరగతిని బట్టి మారుతుంది, రోజూ సగటున ఎంతమంది హాజరయ్యారన్నదాన్ని బట్టి వస్తుంది.

తర్వాత తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు, ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు, ఫాస్టర్ కేర్‌లో (సొంత తల్లిదండ్రుల దగ్గర కాకుండా ప్రభుత్వ సంరక్షణలో) ఉన్నవాళ్లు కలిపి ఎంత శాతమో చూడండి (ఒక పిల్లాడు మూడింట్లోనూ ఉన్నా ఒక్కసారే లెక్క). ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలు కూడా టెస్టులో ఇంగ్లీష్ చాలదని తేలితే ఇందులోకి వస్తారు, కాబట్టి ఇంటి భాష ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి.

లెక్క సులువుగా ఉండటానికి ఒక్కో పిల్లాడికి బేస్ 10,000 డాలర్లు అనుకుందాం. అలాంటి పిల్లలు 80 శాతం ఉంటే, ఆ 80 శాతానికి బేస్‌లో 20 శాతం చొప్పున 1,600. 55 శాతం దాటిన 25 శాతానికి బేస్‌లో 65 శాతం చొప్పున ఇంకో 1,625. మొత్తం 13,225. అదే 20 శాతమే ఉన్న చోట 10,400తో ఆగిపోతుంది. నా దృష్టిలో ఇది న్యాయమే, ఆ పిల్లలకి నిజంగానే ఎక్కువ ఖర్చవుతుంది.

ఇందులో ముందు స్థానిక ప్రాపర్టీ టాక్స్ పోను మిగతాది రాష్ట్రం ఇస్తుంది. టాక్సే లెక్క కన్నా ఎక్కువైతే ఆ మిగులు డిస్ట్రిక్ట్‌దే, నాకు నచ్చనిది ఇదొక్కటే.

ఆ అదనపు డబ్బు దేనికి పెడుతున్నారో జులై 1 లోపు బోర్డు ప్లాన్ ఆమోదించాలి, దానికి ముందు జరిగే బహిరంగ విచారణకి వెళ్లి అడగండి.