కాలేజీ ల్యాబ్‌లో సీటీఎఫ్ పెట్టాలంటే: ఏది తెలివి, ఏది మోసం

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఒక కాలేజీ, 40 సిస్టమ్‌ల ల్యాబ్, ముగ్గురేసి చొప్పున 13 జట్లు. ఒక్కరోజు సీటీఎఫ్‌కు (క్యాప్చర్ ద ఫ్లాగ్: మిషన్‌లో దాచిన 'ఫ్లాగ్' అనే రహస్య పదాన్ని పట్టుకుని మార్కులు కొట్టే హ్యాకింగ్ పోటీ) ఇది చాలు.

ముందుగా ల్యాబ్ స్విచ్ నుంచి కాలేజీ నెట్‌వర్క్‌కు పోయే కేబుల్ పీకేయండి. ఎన్‌మ్యాప్ (నెట్‌వర్క్‌లో ఏయే మిషన్లున్నాయో వెతికే టూల్) చేతికొచ్చిన పిల్లలు కనిపించిన ప్రతి ఐపీ అడ్రస్‌నూ తడుముతారు. ఫీజుల సర్వర్ తగిలితే అదీ పోటీలో భాగమే అనుకుంటారు. అనుమతి లేకుండా అందులోకి దూరితే ఐటీ చట్టం 2000, సెక్షన్ 43 కిందికి వస్తుంది. మోసపు ఉద్దేశం ఉందని తేలితే సెక్షన్ 66 కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నెట్ ఉండదు కాబట్టి ఛాలెంజ్‌లను విడివిడి కంటైనర్లలో (గదుల్లాంటివి) నడిపే డాకర్ సాఫ్ట్‌వేర్‌కు కావాల్సిన ఇమేజ్‌లు ముందురోజే దించుకోండి.

సర్వర్లు రెండు పెట్టండి. స్కోర్‌బోర్డుకు సీటీఎఫ్‌డీ (పోటీ నడిపే సాఫ్ట్‌వేర్) ఒకదాంట్లో, పిల్లలు ఛేదించాల్సిన ఛాలెంజ్‌లు ఇంకోదాంట్లో. పగలగొట్టడానికే పెట్టిన మిషన్‌లో మార్కులు దాచుకోవద్దు. ఒక్కో కంటైనర్‌కు 256 ఎంబీ మెమరీ, 100 ప్రాసెస్‌ల హద్దు పెట్టండి. లేకపోతే ఒక్క ఫోర్క్ బాంబుకే (ఆగకుండా తన కాపీలు పుట్టించుకునే ప్రోగ్రామ్) సర్వర్ పడుకుంటుంది. ఫ్లాగ్ ఫైల్‌ను రూట్ (అడ్మిన్) పేరున, చదవడానికి మాత్రమే ఉంచండి. రాసే అనుమతి ఉంటే మొదట చేరిన జట్టు ఫ్లాగ్ తీసుకుని ఫైల్ చెరిపేసి పోతుంది. అది మోసమే, కానీ తలుపు తెరిచిపెట్టింది మీరు.

పోటీ నియమాల్లో "అనైతికంగా ప్రవర్తించరాదు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా రాయండి: "ఛాలెంజ్ సర్వర్ 10.10.10.20లో 8001 నుంచి 8012 దాకా పోర్టుల మీద ఏ దారైనా సరే. స్కోర్‌బోర్డు, పక్క జట్టు సిస్టమ్ ముట్టుకోవద్దు. స్కోర్‌బోర్డులో లోపం కంటపడితే వాడుకోకుండా చెప్పండి, 100 మార్కులిస్తాం." ఆ 100 పెట్టకపోతే ఎవరూ చెప్పరు.

మీరు అనుకోని దారిలో వచ్చినా పూర్తి మార్కులివ్వాలి. లాగిన్ పేజీని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌తో (డేటాబేస్ ఆదేశాలను ఇన్‌పుట్‌లో జొప్పించి) దాటుతారని మీరు అనుకుంటారు. ఒక జట్టు మీరు మరిచిపోయిన బ్యాకప్ ఫైల్ దించుకుని ఫ్లాగ్ చదివేస్తుంది. అది తెలివి, తప్పు మీది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఫొటో ఇచ్చి "ఇదెక్కడ?" అంటే ఒకరు గుడి పోలికను బట్టి వెతుకుతారు, ఇంకొకరు ఎగ్జిఫ్‌లో (ఫొటో ఫైల్‌లోనే దాగి ఉండే వివరాలు) జీపీఎస్ అంకెలు చూస్తారు. రెండూ సరే. (నల్లగొండ పిల్లలకు చూడగానే తెలుస్తుంది, 50 మార్కులు చాలు.) ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ అంకెలు ఎగిరిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి.

ఫ్లాగ్‌లు చేతులు మారడమే అసలు బెడద. దించుకునే ఫైళ్ల ఛాలెంజ్‌లలో ఒక్కో జట్టుకు ఒక్కో ఫ్లాగ్ పెట్టి, అన్నింటినీ సీటీఎఫ్‌డీలో ఎక్కించండి; ఎవరిది ఎవరు కొట్టారో సబ్‌మిషన్లలో దొరికిపోతుంది. ఒకే నిమిషంలో ఇద్దరు కొట్టారంటే మాత్రం రుజువు కాదు. ఎలా చేశారో సిస్టమ్ ముందు చూపించమనండి.

ఒక్కో ఛాలెంజ్ మార్కులు 500తో మొదలై, ఎక్కువ జట్లు ఛేదించేకొద్దీ 100కి దిగేలా, సీటీఎఫ్‌డీలో డికే (తగ్గుదల) 10 పెట్టండి. ఫ్లాగ్‌లు దాచుకుని చివర్లో కొట్టేవాళ్లుంటారు, దాన్ని ఆపనక్కర్లేదు. మార్కులు సమానమైతే ముందు కొట్టినవాళ్లే పైన ఉంటారు.

కరెంటు పోయి వచ్చాక కంటైనర్లు వాటంతటవే లేవాలంటే డాకర్‌లో రీస్టార్ట్ పాలసీ "ఆల్వేస్" అని పెట్టండి. పోయినంతసేపటి సమయం అందరికీ కలపండి, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద పని సాగించిన జట్టుకు కూడా.