ఇరవై దాటినవారికి కొత్త పని నేర్పే తీరు: పూతరేకు మడత

ఫ్రాజైల్ ఎక్స్, డౌన్ సిండ్రోమ్ (నేర్చుకోవడం నెమ్మదించే, పుట్టుకతో వచ్చే జన్యు స్థితులు) ఉన్నవారికి ఇరవై ఏళ్లు దాటాక కొత్త పని పట్టుబడదని ఆత్రేయపురం వైపు ఇళ్లలో అనడం నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట సరికాదు. రెట్ సిండ్రోమ్ అనే మరో జన్యు రుగ్మతతో ముడిపడిన ఎంఈసీపీ2 జన్యువును ఎదిగిన ఎలుకల్లో మళ్లీ పనిచేయించినప్పుడు లక్షణాలు చాలావరకు తగ్గాయని శాస్త్రవేత్త ఏడ్రియన్ బర్డ్ బృందం 2007లో చూపింది. మనుషులకు అది చికిత్స కాదు గానీ, ఎదిగిన మెదడులోనూ మార్పుకు చోటుందని తెలుస్తోంది.

ఫ్రాజైల్ ఎక్స్‌లో ఎఫ్ఎంఆర్1 జన్యువులోని సీజీజీ అనే డీఎన్‌ఏ అక్షరాల వరుస 200 సార్లకు మించి పెరగడంతో ఆ జన్యువు మూగబోతుంది. నాడీకణాల సంధుల దగ్గర ప్రొటీన్ల తయారీకి పగ్గం వేసే ఎఫ్ఎంఆర్‌పీ (ఆ జన్యువు నుంచి తయారయ్యే ప్రొటీన్) దొరకక, ఏ సంధి బలపడాలో ఏది సడలాలో కుదురుగా తేలదు. ఇదే లోపమున్న ఎలుకలకు గంటేసి ఎడమిచ్చి కొద్దికొద్దిగా నేర్పితే జ్ఞాపకం మెరుగుపడింది. కనుక మీరూ ఏకబిగిన కూర్చోబెట్టకుండా, పది నిమిషాల చొప్పున పూటలో రెండు మూడు సార్లు నేర్పి చూడండి.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికైతే ముందు థైరాయిడ్, వినికిడి, నిద్రలో ఊపిరి ఆగడం పరీక్ష చేయించాలి. ఇవి సరిచేయకుండా నేర్పబోతే ఇద్దరికీ విసుగే.

ఇక పని: రేకును తడిగుడ్డతో మెత్తబరచి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, అంచులు లోపలికి మడిచి చుట్టాలి. ఇదంతా మీరే చేసి చివరి చుట్టు ఒక్కటే నేర్చుకునే వ్యక్తికి వదలండి. ప్రతిసారీ పూర్తయిన పూతరేకు అతని చేతిలోనే తయారవుతుంది. అది కుదిరాక అంచు మడవడం, తరువాత పొడి చల్లడం, ఇలా వెనక నుంచి ముందుకు రావాలి. రేకు చిరిగేదాకా ఆగి తప్పు దిద్దడం కన్నా ముందే మణికట్టు పట్టి నడిపించి, రోజులు గడిచేకొద్దీ మోచేతిని తాకడం, ఆపై కనుసైగతో సరిపెట్టడం మంచిది. ఫ్రాజైల్ ఎక్స్ ఉన్నవారికి కళ్లలోకి చూడటమే ఇబ్బంది కావచ్చు. ఎదురుగా కాక పక్కన కూర్చోండి. డౌన్ ఉన్నవారికి నోటిమాట కన్నా చేసి చూపినదే బాగా నిలుస్తుంది.

మన వంటింట్లో వచ్చిన పని పిన్నిగారి అరుగు మీద రాకపోతే మొండితనం అనుకోకండి. చోటు మారితే దాదాపు మళ్లీ నేర్పాల్సివస్తుంది. అయితే నలభై దాటిన డౌన్ వ్యక్తి ఉన్నచోటనే వచ్చిన మడత మరిచిపోతుంటే ఆలస్యం చేయకుండా నరాల వైద్యుడికి చూపించాలి, ఎందుకంటే డౌన్ సిండ్రోమ్‌లో అదనంగా ఉండే 21వ క్రోమోజోము మీది ఏపీపీ జన్యువు అదనపు ప్రతి వల్ల వారికి అల్జీమర్స్ ముందుగానే రావచ్చు.