విశాఖ ఎత్తులకు, ఉప్పుగాలికి తట్టుకునే సైకిల్ ఏది?

గాజువాక నుంచి స్టీల్‌ప్లాంటు వైపు డ్యూటీకి వెళ్లేవాళ్లకు గేర్లు లేని సైకిల్ చాలు. అదే సైకిల్ మీద బీచ్‌రోడ్డు నుంచి పాండురంగాపురం డౌన్ ఎదురెక్కాలంటే చాలామంది దిగి నెట్టుకోవాల్సిందే. హనుమంతవాక నుంచి ఎండాడ మీదుగా మధురవాడ వెళ్లేవాళ్ల సంగతీ అంతే. అందుకే షాపుకి వెళ్లేముందు రోజూ తొక్కబోయే దారిలో ఎత్తులు ఎక్కడున్నాయో, ఇల్లు సముద్రానికి ఎంత దగ్గరో చూసుకోండి. ఈ ఊళ్లో సైకిల్ ఎంపికని తేల్చేవి ఈ రెండే.

షాపులో ముందుగా "ఇరవయ్యొక్క గేర్లు సార్" అంటారు. ఎన్ని గేర్లున్నాయన్నది వదిలేసి, అన్నిటికన్నా తేలిక గేరు ఎంత తేలికో లెక్కవేయండి. ముందు పళ్లచక్రం పళ్లని వెనకదాని పళ్లతో భాగిస్తే, పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. గేర్లు లేని సైకిల్‌కి ముందు 44, వెనక 18 పళ్లుంటే దాదాపు రెండున్నర చుట్లు. ఇది చదును రోడ్డుకి బాగుంటుంది. ముందు ఒకటే చక్రం 38 పళ్లతో, వెనక పెద్దది 28 అయితే 1.36. కుర్రాళ్లు పాండురంగాపురం ఎక్కేస్తారు గానీ, క్యారియర్ మీద బరువుంటే కష్టమే. ముందు 28, వెనక 28 అయితే సరిగ్గా ఒకటి. కైలాసగిరి ఎక్కాలనుకుంటే ఒకటి గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉండాలి. వెనక 34 పళ్లుంటే మోకాళ్లకి మరీ మంచిది.

వెనక గేర్లు మరతో బిగించే ఫ్రీవీలా, హబ్ మీద తొడిగే క్యాసెట్టా అని కూడా అడగండి. చవక సైకిళ్లలో ఏడు గేర్ల ఫ్రీవీల్ ఉంటుంది. అందులో కుడివైపు బేరింగు ఇరుసు చివరకి దూరంగా, లోపలికి ఉండిపోతుంది. మనిషి బరువు ఎక్కువైనా, బియ్యం బస్తా లాంటి బరువు వేసినా బేరింగుకి బయట మిగిలిన ఇరుసు ముక్క వంగి, చివరికి విరిగే ప్రమాదం ఉంది. క్యాసెట్‌లో బేరింగు అంచుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ బెడద చాలా తక్కువ.

పదిహేను వేల లోపు సైకిళ్లకి ముందు షాక్‌అబ్జార్బర్ వద్దనే మా గట్టి సలహా. రెండు కిలోలకు పైగా బరువు, ఎత్తు ఎక్కేటప్పుడు మీ బలంలో కొంత ఊగడానికే పోతుంది, ఉప్పుగాలికి లోపలి స్ప్రింగు తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. స్ప్రింగు లేని మామూలు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే కవ), 700×35 నుంచి 40 దాకా టైర్లు (అంటే 35–40 మిల్లీమీటర్ల వెడల్పు), 50–70 పీఎస్ఐ గాలి ఉంటే మన గతుకులకి సరిపోతుంది. నాలుగంగుళాల లావు టైర్ల సైకిల్ పిల్లలు ముచ్చటపడి అడుగుతారు. కానీ దాన్ని బీచ్ ఇసుకలో తిప్పితే తడి ఇసుక చైన్లో చేరి పళ్లని అరగదీస్తుంది.

తుప్పు విషయంలో ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, రుషికొండ వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఫ్రేము, రిమ్ములు అల్యూమినియంవి తీసుకోండి. చక్రం పుల్లలకి (స్పోకులకి) చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా పట్టేస్తే మామూలు ఉక్కు, పట్టకపోయినా, పట్టీపట్టనట్టున్నా స్టెయిన్‌లెస్. సీటు గొట్టాన్ని బయటికి తీయించి గ్రీజు రాయించండి. లేకపోతే అల్యూమినియం గొట్టం ఫ్రేములో అతుక్కుపోయి ఎంత లాగినా రాదు. ఈ పని చెయ్యకుండానే చాలా షాపులు సైకిల్ ఇచ్చేస్తాయి.

బ్రేకుల దగ్గర డిస్క్ అనగానే మురిసిపోవద్దు. చవక కేబుల్ డిస్క్‌లో ఒకవైపు ప్యాడే కదులుతుంది, తరచూ సరిచేయించాలి. తక్కువ బడ్జెట్‌లో రిమ్ముని రెండువైపుల నుంచీ నొక్కే మంచి వీ-బ్రేకులు నయం. వానలో రిమ్ము తడిస్తే పట్టు ఆలస్యంగా అందుతుంది, కాబట్టి డౌన్ మొదలవకముందే ఓసారి సుతారంగా నొక్కి నీళ్లు తుడవాలి. వానాకాలంలోనూ కొండ దిగేవాళ్లకి మాత్రం డిస్కే సరి.

సుమారు ధరలు ఇలా ఉంటాయి: గేర్లు లేనివి 6–10 వేలు, ఉక్కు ఫ్రేము గేరు సైకిళ్లు 9–14 వేలు, అల్యూమినియం హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కీ, కొండదారుల సైకిల్‌కీ మధ్యరకం) 15–30 వేలు. ఎక్కువమందికి హైబ్రిడ్డే తగినది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. బిల్లులో అది చూసుకోండి. హెల్మెట్, ముందూవెనకా లైట్లు, తాళం, పంపు కోసం రెండు మూడు వేలు విడిగా ఉంచుకోండి.

కొలత చూసుకోకుండా డబ్బు కట్టకండి. ఫ్రేము అడ్డగొట్టానికి అటూ ఇటూ కాళ్లు నేలకానించి నిలబడితే మధ్యలో కనీసం మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని మడమని కింది పెడల్‌పై పెడితే మోకాలు తిన్నగా చాపుకోవాలి. అప్పుడు ముంగాలితో తొక్కేటప్పుడు కొద్దిగా వంగుతుంది, అదే సరైన ఎత్తు. ఐదడుగుల నాలుగు నుంచి ఎనిమిది అంగుళాల వాళ్లకి దాదాపు 17 అంగుళాల ఫ్రేము పడుతుంది. మోచేతులు బిగబట్టుకుపోతే హ్యాండిల్ దూరమైనట్టే.

సెకండ్‌హ్యాండ్ అయితే చైను మీద స్కేలు పెట్టండి. ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలి, తర్వాతి 24వ పిన్ను మధ్య వరకు 12 అంగుళాలు రావాలి. ఒక అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి, ఎనిమిదో వంతు పెరిగితే వెనక పళ్లు కూడా పోయినట్టే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. పెడల్ బిగించే కడ్డీలని పట్టుకుని పక్కలకి ఊపితే కదలకూడదు. పెడళ్ల కింద, ఫ్రేము అడుగున కొట్టిన నంబరు బిల్లులో ఉన్నదానితో సరిపోలాలి. నంబరు గీకేసి ఉంటే ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.